బుసకు పైన, ఎర్రలైటుకు కింద

మూఢాలు వెళ్లి లగ్గాల రోజులు మొదలయ్యాయంటే జగిత్యాల, కోరుట్ల, ధర్మపురి రోడ్ల మీద రాత్రిపూట డీజే బండ్లు ఎదురవుతూనే ఉంటాయి. డీసీఎం వ్యాను తొట్టిలో వరసగా పేర్చిన బేస్ బాక్సులు, వాటి మీద టాపులు, ఆపైన గిరగిరా తిరిగే లైట్లు, ఒక మూల జనరేటరు. బుగ్గారం పెద్ద ఊరేమీ కాదు. ఒకప్పుడు శాసనసభ నియోజకవర్గానికి పేరిచ్చిన ఊరు, 2016లో కొత్త జిల్లాలతోపాటు మండల కేంద్రమైంది. అక్కడైనా సరే, పెండ్లి కుదిరిందంటే వంటవాళ్లను మాట్లాడాక మాట్లాడేది డీజేనే. బేరమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఎన్ని బేసులు? నాలుగా, ఆరా, ఎనిమిదా? ఆ తర్వాత లైట్లెన్ని అంటారు. మిక్సర్ ఏ కంపెనీది అని అడిగిన పెండ్లిపెద్ద ఇంకా పుట్టలేదు.

పెండ్లివాళ్లు అడగకపోతే పోయేదేం లేదు. డీజే పెట్టుకునే కుర్రాడూ అడగడు, చిక్కంతా అక్కడే. బ్యాంకులోనో బావ దగ్గరో అప్పు తెచ్చి బాక్సులు కొంటాడు, యాంపులు కొంటాడు, లైట్లు కొంటాడు, చివర్లో మిగిలినదానికి ఏ మిక్సర్ వస్తే అది తెచ్చుకుంటాడు. కానీ ఆ బండి మీద మోగే ప్రతి శబ్దం ఆ పెట్టెలోంచే రావాలి. పాట కావచ్చు, అయ్యగారి మంత్రం కావచ్చు, మేనమామ మైకందుకుని చెప్పే నాలుగు మాటలు కావచ్చు. కాకతీయ కాలువ తూము దగ్గర కలిసిన బురద ఆఖరి మడిదాకా వచ్చినట్టే, మిక్సర్‌లో చెడిన శబ్దం ఆఖరి బాక్సుదాకా చెడిపోయే వస్తుంది. పైగా దారిలో ప్రతి యాంపూ ఆ చెడును పెద్దది చేస్తుంది.

మిక్సర్ మంచిదా కాదా అని తేల్చేవి దాని మీదున్న బటన్ల సంఖ్యా కాదు, వెలిగే రంగులూ కాదు. రెండు హద్దులు: అడుగున ఎంత నిశ్శబ్దం ఉంది, పైన ఎంత ఖాళీ ఉంది.

మిల్లీవోల్టుల లెక్క

మైకు ముందు మాట్లాడితే గాలి అదురుతుంది. ఆ అదురుకు మైకులోని పల్చటి పొర ఆడుతుంది. పొరకు అంటించిన సన్నటి తీగచుట్ట అయస్కాంతం నడుమ కదిలి ఇంత వోల్టేజీని పుట్టిస్తుంది. ఇంత అంటే ఎంతో చూద్దాం. 1966 నుంచి లోకమంతటా వేదికల మీద కనిపించే షూర్ ఎస్ఎం58 మైకును తీసుకోండి. దాని మీద 94 డెసిబెల్ శబ్దం పడితే, అంటే నోటికి దగ్గరగా పట్టుకుని గట్టిగా మాట్లాడితే, పుట్టేది 1.85 మిల్లీవోల్టులు. అయితే పెండ్లిపీటల దగ్గర అయ్యగారు మైకు చేత్తో పట్టుకోలేరు. జీలకర్ర బెల్లం, కన్యాదానం, తలంబ్రాలు, హోమం అన్నీ ఆయన చేతుల మీదుగానే జరగాలి. మైకు స్టాండు మీద అడుగు, అడుగున్నర దూరాన నిలబడి ఉంటుంది. అక్కడికి చేరేసరికి మాట 74 డెసిబెల్లకు తగ్గిందనుకుంటే, మైకు ఇచ్చేది పదో వంతే: 0.185 మిల్లీవోల్టు.

ఇక యాంపుకు అందవలసిన లైన్ స్థాయి ఉంది. వృత్తి పరికరాల్లో దానికి ప్లస్ 4 డీబీయూ అని పేరు, విలువ 1.23 వోల్టులు. మంత్రం అక్కడిదాకా ఎక్కాలంటే 6,600 రెట్లు పైగా పెంచాలి. అదే సమయంలో పక్క ఛానల్‌లోకి ఫోను నుంచో లాప్‌టాప్ నుంచో వచ్చే పాట ఇంచుమించు ఒక వోల్టు దగ్గర ఉంటుంది కనుక, దాన్ని పెంచవలసిన పనే పెద్దగా లేదు. వేల రెట్ల తేడా ఉన్న రెండు శబ్దాలను ఒకే వరసకు తెచ్చి కలపడమే మిక్సర్ ఉద్యోగం.

రెట్లతో లెక్క వేస్తే సున్నాలు కళ్లు తిరిగేలా పెరుగుతాయి. 1920లలో అమెరికా టెలిఫోను ఇంజినీర్లకూ ఇదే తలనొప్పి వచ్చింది. మైళ్ల పొడవు తీగల్లో శబ్దం ఎంత తగ్గుతుందో చెప్పడానికి వాళ్లు గ్రాహంబెల్ పేరు మీద బెల్ అనే కొలత పెట్టుకున్నారు, అందులో పదో వంతు డెసిబెల్. వోల్టేజీ రెట్టింపైతే 6 డెసిబెల్, పదిరెట్లైతే 20, వెయ్యి రెట్లైతే 60. ఆ లెక్కన అయ్యగారి గొంతుకు కావలసింది 76 డెసిబెల్. మంచి మైకు ఛానల్ పైన గెయిన్ నాబ్ ఒక్కటే 60 దాకా ఇస్తుంది, మిగతాది పైకీ కిందికీ జరిపే ఫేడర్లు పూరిస్తాయి. గెయిన్ 40 దగ్గరే ఆగిపోయే చవక మిక్సర్లుంటాయి. వాటితో మంత్రాలు వినిపించాలంటే మైకును అయ్యగారి పెదవులకు ఆనించాలి, లేకపోతే ఫేడర్లన్నీ కొసకు తోయాలి.

తోస్తే ఏమవుతుంది? బుస వినిపిస్తుంది. పాట లేదు, మాట లేదు, బాక్సుల్లోంచి స్‌స్‌స్ అని సన్నగా ఒకటే చప్పుడు. ఇది మిక్సర్ కంపెనీ చేసిన తప్పే అనుకుంటాం, పూర్తిగా కాదు. 1928లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ జాన్సన్ అనే శాస్త్రవేత్త కొలిచి చూపించిన సంగతి ఇది: ఏ తీగలోనైనా, ఏ రెసిస్టరులోనైనా వేడికి ఎలక్ట్రాన్లు అటూ ఇటూ తారాడుతూనే ఉంటాయి. ఆ తారాటే చిన్న వోల్టేజీ. ఎందుకలా జరుగుతుందో లెక్క కట్టి చూపినవాడు అక్కడే పనిచేసిన హ్యారీ నైక్విస్ట్. 150 ఓముల మైకు దగ్గర, మనిషి చెవికి వినిపించే పౌనఃపున్యాల మేర, ఆ సొద మైనస్ 131 డీబీయూ. దీనికి కిందికి ప్రపంచంలో ఏ మైకు ఛానలూ పోలేదు, అది ప్రకృతి గీసిన గీత.

అందుకే మిక్సర్ డబ్బాలో వచ్చే కాగితం మీద ఈక్వివలెంట్ ఇన్‌పుట్ నాయిస్ అనే వరస వెతకాలి. అక్కడ మైనస్ 128 అని ఉంటే ప్రకృతి గీతకు మూడు డెసిబెల్ల పైన ఆగారన్నమాట, అది మంచి పనితనం. మైనస్ 120 ఉంటే పదకొండు డెసిబెల్ల బుసను మీరు డబ్బిచ్చి కొంటున్నారు. అసలు ఆ వరసే లేకపోతే? దాచిపెట్టే అంకె సాధారణంగా మంచిదై ఉండదు.

పైకప్పు

ఇప్పుడు రెండో హద్దు. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, కాబట్టి కాసేపు ఆగుదాం.

మిక్సర్ లోపలి చిప్పులకు అందే కరెంటు సాధారణంగా ప్లస్ 15, మైనస్ 15 వోల్టులు. శబ్దతరంగం ఎంత ఎగిసినా ఈ రెండు గీతల నడుమే ఎగరాలి. చిప్పులు చివరి అంచుదాకా పోవు, 13 దగ్గర ఆగుతాయనుకుందాం. మామూలు వోల్టుమీటరు భాషలో అది 9.2 వోల్టులు, ప్లస్ 21 డీబీయూ పైచిలుకు. మనం నడిపే స్థాయి 1.23 కనుక పైన ఏడున్నర రెట్ల ఖాళీ ఉంది, పదిహేడు పదిహేడున్నర డెసిబెల్లు. దీన్నే హెడ్‌రూమ్ అంటారు. డప్పు మీద కర్ర పడిన క్షణంలో తరంగం సగటు ఎత్తుకు నాలుగైదు రెట్లు ఎగురుతుంది. తీన్మార్ దరువు గట్టిగా తగలాలంటే ఆ ఎగురుకు చోటుండాలి. కంపెనీ కాగితంలో మ్యాగ్జిమమ్ అవుట్‌పుట్ అనే అంకె చెప్పేది ఈ పైకప్పు ఎత్తునే. ఒక్క యూఎస్‌బీ తీగతో నడిచే, పాటలు కలిపే చిన్న కంట్రోలర్లకు లాప్‌టాప్ ఇచ్చేది 5 వోల్టులు. చాలావాటిలో పైకప్పు అక్కడే కిందికి దిగిపోతుంది. వాటినే యాంపులకు తగిలించి, సరిపోవడం లేదని నాబ్ కొసదాకా తిప్పి నడుపుతారు.

బరాత్ ఊళ్లోకి వస్తుంది. పెండ్లికొడుకు దోస్తులు బండి ముందు చేరతారు. 'తమ్మీ, జర పెంచరాదు!' అని ఒకరు. పెంచుతాడు. పావుగంటకు చెవులు ఆ శబ్దానికి అలవాటుపడి మొద్దుబారతాయి, మళ్లీ అదే కేక. 'ఇగ పెరగదన్నా, ఎర్రలైటు కొడ్తుంది' అని కుర్రాడు చెప్పినా వినేదెవరు? తరంగం పైకప్పుకు కొట్టుకుని నెత్తి చదునైపోతుంది. గుండ్రంగా లేచి దిగవలసిన అల గోడకట్టినట్టు నిలువుగా లేచి, పైన బల్లపరుపుగా సాగి, నిలువుగా దిగుతుంది. దీనికి క్లిప్పింగ్ అని పేరు. ఎత్తు అంతే ఉన్నా, నున్నటి అల పూర్తిగా చతురస్రమైపోతే దానిలోని శక్తి రెట్టింపవుతుంది. అసలు స్వరానికి లేని కొత్త పై స్వరాలు పుట్టుకొస్తాయి. చెవికి అవి గరగరగా, గీరినట్టు తగులుతాయి.

బాక్సులో స్పీకరు కోన్‌ను కదిపేది తీగచుట్టే, మెకానిక్కుల మాటలో కాయిల్. మామూలు స్పీకర్లు తీసుకున్న కరెంటులో శబ్దంగా మార్చేది కొద్ది శాతమే, తక్కినదంతా కాయిల్‌లో వేడి. సంగీతానికో సుగుణం ఉంది. అది ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక, దరువుకూ దరువుకూ మధ్య కాయిల్ చల్లబడుతుంది. అందుకే యాంపు ఎంత కరెంటు తాగుతుందో చెప్పేటప్పుడు కంపెనీలు పూర్తి పవరులో ఎనిమిదో వంతును లెక్కగా తీసుకుంటాయి, పాట సగటు అంతే ఉంటుందని. క్లిప్పింగ్ ఆ ఎగుడుదిగుడును చదును చేసి సగటును పైకి లాగుతుంది. బేస్ పైకప్పుకు తగిలి ఆగిపోయినా, పై స్వరాలకు ఇంకా చోటుంటుంది. నాబ్ తిప్పినకొద్దీ పై స్వరాలు పలికే హారన్‌కు వెళ్లే వాటా పెరుగుతూ పోతుంది. టాపుల్లో హారన్ కాయిల్ వెంట్రుకంత సన్నటి తీగ. ముందు పోయేది అదే.

మరునాడు మెకానిక్ దగ్గర వినే మాట ఒకటుంది: 'యాంపు మీద ఎర్రలైటు వెలగనే లేదు, టాపు ఎట్ల కాలింది?' మిక్సర్‌లోనే నెత్తి చదునైన తరంగాన్ని యాంపు నాబ్ సగానికి తగ్గించి పంపినా, అది చిన్నదైన చదును తరంగమే. యాంపుకు దానిలో తప్పేమీ కనిపించదు, నమ్మకంగా పెంచి బాక్సుకు అందిస్తుంది. యాంపు లైటు యాంపు సంగతే చెబుతుంది. మిక్సర్ సంగతి చెప్పవలసింది మిక్సర్ మీటరే. కాబట్టి రెండే చుక్కల లైటున్న మిక్సర్ కంటే, పది పన్నెండు మెట్ల మీటరుతోపాటు ప్రతి ఛానల్‌కూ వేరే పీక్ లైటున్న మిక్సర్‌కు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టవచ్చు.

పాటలే ముందుగా చదునై వస్తే మంచి మిక్సర్ కూడా ఏమీ చెయ్యలేదన్నది ఇంకో నిజం. 2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి'కి గోదావరికి అవతల, మంచిర్యాల జిల్లాలో ఒక పెండ్లికూతురు బరాత్‌లో ఆడిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. ఆ ఏడాది ఆ పాట లేని బరాత్ లేదు. అయితే బండ్ల మీద మోగేవి చాలావరకు అసలు పాటలు కావు, ఎవరో బేస్ దట్టించి, సున్నా డెసిబెల్ గీతకు నొక్కిపెట్టి, చేతులు మారుతూ వచ్చిన రీమిక్సులు. డిజిటల్ పాటలో సున్నా అంటే పైకప్పే, ఆపైన అంకె లేదు. అలాంటి ఫైలును మిక్సర్‌లో మళ్లీ పెంచడం దండగ. పెన్‌డ్రైవ్ నింపేటప్పుడే శుభ్రమైన పాట ఎంచుకోవడం మిక్సర్ కొనడమంత ముఖ్యం, పైగా ఖర్చులేని పని.

క్లబ్బు మిక్సరా, కచేరీ మిక్సరా

దుకాణంలో రెండు జాతుల మిక్సర్లు కనిపిస్తాయి. ఒకటి డీజే మిక్సర్: రెండు లేక నాలుగు ఛానళ్లు, నడిమధ్యలో అడ్డంగా జారే క్రాస్‌ఫేడర్, పాట బయటికి వదలకముందే హెడ్‌ఫోనులో విని చూసుకునే ఏర్పాటు. ఇది న్యూయార్క్ డిస్కో క్లబ్బుల్లో పుట్టింది. 1970ల తొలినాళ్లలో అలెక్స్ రోస్నర్ అనే ఇంజినీరు అక్కడి ఒక క్లబ్బుకు 'రోజీ' అనే మిక్సర్ తయారుచేసి ఇచ్చాడు. కొద్దికాలానికే బోజాక్ కంపెనీ తిప్పుడు నాబ్‌లతో ఒక మిక్సర్ అమ్మకానికి పెట్టింది, క్లబ్బులన్నీ దాన్నే వాడాయి. 1977 ప్రాంతంలో జీఎల్ఐ కంపెనీ క్రాస్‌ఫేడర్‌ను జనం చేతికిచ్చింది. ఒక పాట తోక మీద రెండో పాట తలను ఎక్కించడానికి ఇంతకంటే మంచి పనిముట్టు లేదు. రెండో జాతి కచేరీల మిక్సర్, దుకాణంవాళ్లు లైవ్ మిక్సర్ అంటారు: వరసగా మైకు ఛానళ్లు, ప్రతిదానికీ గెయిన్, ఈక్వలైజర్, ఫేడర్.

బుగ్గారం పెండ్లికి ఏది? నా తీర్పు రెండోదానికే. మన డీసీఎం బండికి అసలు చుట్టం న్యూయార్క్ క్లబ్బు కాదు, జమైకాలోని కింగ్‌స్టన్. 1950ల నాటికే అక్కడ లారీ మీద జనరేటరు, రికార్డు ప్లేయర్లు, మనిషెత్తు బాక్సులు ఎక్కించుకుని వీధివీధికీ తిరిగేవాళ్లు, మైకులో కేకలేసి జనాన్ని ఆడించేవాళ్లు. కింగ్‌స్టన్‌లో పుట్టి పెరిగిన కూల్ హెర్క్ 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో జరిపిన పార్టీ నుంచే హిప్‌హాప్ పుట్టిందంటారు. ఆ కింగ్‌స్టన్ బండ్ల మీద పాటకూ మైకుకూ సమాన హక్కు. మన పెండ్లిలోనూ అంతే. పగలు పీటల మీద మంత్రం, సన్నాయి, డోలు, చదివింపుల పేర్లు. రాత్రి బరాత్. పగటి పనికి కనీసం మూడు నాలుగు మైకు ఛానళ్లు కావాలి, డీజే మిక్సర్‌లో ఉండేది ఒకటో రెండో, అవీ పేరుకే. ఎనిమిది నుంచి పన్నెండు ఛానళ్ల లైవ్ మిక్సర్ కొని, పాటలు కలిపే కంట్రోలర్‌ను దాని స్టీరియో ఛానల్‌కు తగిలిస్తే రెండు పనులూ జరుగుతాయి. పాటను అరచేత్తో గీకి ఆడించే విద్య ఉన్నవాడు మాత్రం క్రాస్‌ఫేడర్ మంచిది చూసుకోవాలి.

లైవ్ మిక్సర్‌లో నేను ముందు చూసేది లో కట్ బటన్. 80, 100 హెర్ట్‌జ్‌ల కింద ఉన్నదాన్ని మైకు ఛానల్ నుంచి కోసేస్తుంది. మనిషి గొంతుకు అక్కడ పెద్దగా పనిలేదు. స్టాండు కదిలిన దడదడ, గాలి ఊదిన బుడబుడ, బేస్ బాక్సు నుంచి తిరిగొచ్చే గుంయ్‌మనడం అన్నీ అక్కడే ఉంటాయి. తర్వాత చూసేది మిడ్ స్వీప్. మైకు ఎందుకు కూస్తుంది? బాక్సు శబ్దం మళ్లీ మైకులో పడి, పెరిగి, మళ్లీ పడి, ఒకే స్వరం దగ్గర చక్రంలా తిరగడం వల్ల. డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరుతో దీన్ని లార్సెన్ ప్రభావమంటారు. చుట్టూ గట్టి గోడలున్న ఫంక్షన్ హాళ్లలో ఇది మరీ ఎక్కువ. మిడ్ స్వీప్ ఉంటే కూసే స్వరం ఎక్కడుందో వెతికి అక్కడే తగ్గించవచ్చు, గొంతు మిగతాది చెక్కుచెదరదు. లేనిచోట మైకు మొత్తం తగ్గించాలి, అప్పుడు వెనక వరస కుర్చీల్లోని పెద్దలకు మంత్రాలు అందవు.

తీగ, దుమ్ము, ఎండ

జనరేటరు ఆన్ చేయగానే బాక్సుల్లో జుమ్మని మోత వస్తుంది. అది 50 హెర్ట్‌జ్, మన కరెంటు కంపనం. మిక్సర్ నుంచి యాంపుకు పోయే తీగ పక్కనే లైట్ల తీగలు, జనరేటరు తీగ పడి ఉంటాయి, వాటి ప్రభావం దీనిలోకి ఎక్కుతుంది. దీనికి టెలిఫోను కాలం నాటి మందే పనిచేస్తుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ తీగలో శబ్దాన్ని రెండు నకళ్లుగా పంపుతారు, ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా. దారిలో ఎక్కిన మోత రెండింటి మీదా ఒకేలా పడుతుంది. అవతలి కొసన యాంపు రెండింటి తేడాను మాత్రమే తీసుకుంటుంది కనుక, ఒకేలా ఉన్న మోత కొట్టేసుకుపోయి, తలకిందులైన శబ్దం జతకూడుతుంది. మెయిన్ అవుట్ ఎక్స్‌ఎల్‌ఆర్ కాకుండా ఎరుపు తెలుపు ఆర్‌సీఏ పిన్నులే ఉన్న మిక్సర్‌ను బండి మీదికి ఎక్కించకండి, అవి ఇంట్లో రేడియో, గ్రామఫోన్ల కోసం వచ్చిన పిన్నులు.

మోత పోవడానికి కొందరు ప్లగ్గు మూడో పిన్ను పీకేస్తారు. మోత పోతుంది, దానితోపాటు ప్రాణానికున్న అడ్డూ పోతుంది. శ్రావణమాసం లగ్గాల్లో తడినేల, చెప్పుల్లేని కాళ్లు, పెదవికి తగిలే ఇనుప జాలీ మైకు: ఈ మూడూ కలిసే చోట ఎర్త్ తీయడం నేరం. లాప్‌టాప్ చార్జరు పెట్టినప్పుడే మోత వస్తుంటే మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరో డీఐ బాక్సో పెట్టాలి, అంతే.

ఫేడర్ విప్పి చూస్తే లోపల కార్బన్ పూసిన పట్టీ, దాని మీద జారే చిన్న లోహపు కాలు. బండి మీది మిక్సర్ మీద ఒక సీజన్‌లో పడేవి ఏమిటో చూడండి: రోడ్డు దుమ్ము, పసుపు అక్షింతల నూకలు, రంగు కాగితాల తునకలు, కూల్‌డ్రింక్ చుక్కలు. అవి పట్టీ మీద చేరితే జరిపినప్పుడల్లా కర్‌కర్‌మంటుంది. స్క్రూ తీసి ఫేడర్ ఒక్కటే మార్చుకునే వీలున్న మిక్సర్ ఎంచుకోండి, మూత ఉన్న కేసులో పెట్టుకోండి. వేసవిలో జగిత్యాల 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు, రేకు తొట్టిలో ఇంకా ఎక్కువ. పవర్ సప్లైలోని కెపాసిటర్ల ఆయుష్షు వేడి పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌వాళ్ల లెక్క. యాంపుల ర్యాక్ పైన మిక్సర్ పెట్టడం అందుకే మంచిది కాదు. డిజిటల్ మిక్సర్లు ఇప్పుడు అందుబాటు ధరకు వచ్చాయి, వాటిలో శబ్దాన్ని పెట్టిన హద్దు దాటనివ్వని లిమిటర్ వంటి మంచి సౌకర్యాలున్నాయి. కానీ ట్యాబ్ మీద వైఫైతోనే నడిచేదైతే వందల ఫోన్లున్న బరాత్ మధ్యలో సిగ్నల్ తెగితే చేతికి నాబ్ దొరకదు. నాబ్‌లున్న డిజిటల్ అయితే సరే.

లిమిటర్ మాట వచ్చింది కనుక చట్టం మాటా చెప్పాలి. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఒక బాక్సు మీటరు దూరంలో 110 డెసిబెల్ ఇస్తే, బయలులో దూరం రెట్టింపైనకొద్దీ 6 తగ్గుతుంది: 32 మీటర్ల దగ్గర 80, ఇంకా 55కు దిగాలంటే అరకిలోమీటరు దాటాలి. అంటే ఊరి నడుమ నడిచే ఏ బండీ ఈ గీత కింద లేదు, అది దాచి ప్రయోజనం లేదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు ఆ ఉత్తర్వులో సౌండ్ మిక్సర్ల పేరు కూడా ఉంది.

పోలీసుల సంగతి అలా ఉంచినా చెవులున్నాయి. 85 డెసిబెల్ల దగ్గర ఎనిమిది గంటలు గడపవచ్చు, మూడు డెసిబెల్లు పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది, 100 దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలు. ఇది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలో పనిచేసి వచ్చినవాళ్లను పిలిచి చూడండి, రెండోసారి పిలవవలసి వస్తుంది. డీజే కుర్రాడు బాక్సులకు వెనకే అయినా సీజన్ పొడుగునా అక్కడే నిలబడతాడు. బాక్సుల దాకా పోయే దారిలో లిమిటర్ ఒకటి పెట్టి, శబ్దం దాని హద్దు దాటకుండా తాళం వేసుకోవడం అతని చెవులకూ టాపుల కాయిళ్లకూ ఒకేసారి మేలు.

కొనడానికి కరీంనగర్ వెళ్లినా హైదరాబాద్ వెళ్లినా మీ మైకు, మీ హెడ్‌ఫోను వెంట తీసుకెళ్లండి. మైకు తగిలించి, ఎవరూ మాట్లాడకుండా గెయిన్ మూడొంతులకు పెంచి హెడ్‌ఫోనులో బుస వినండి. రెండు మూడు మోడళ్లు పక్కపక్కన పెడితే తేడా మీకే తెలుస్తుంది. ప్రతి ఫేడర్‌నూ నాలుగుసార్లు జరపండి, ప్రతి సాకెట్‌లో పిన్ను గుచ్చి కదిపి చూడండి. తర్వాత మీకు బాగా తెలిసిన పాట పెట్టి, ఎర్రలైటు వెలిగేదాకా తీసుకెళ్లి, అది వెలగడానికి ముందే శబ్దం గీరుతోందా అని వినండి. ముందే గీరితే ఆ లైటు అబద్ధం చెబుతోంది, వదిలేయండి. దుబాయి నుంచో సౌదీ నుంచో తెచ్చిన సెకండ్‌హ్యాండ్ మిక్సర్ దొరికితే తొందరపడకండి. అమెరికా కోసం తయారైనదైతే 120 వోల్టులది కావచ్చు, వెనకవైపు రాసిన వోల్టేజీ చదివాకే ప్లగ్గు పెట్టాలి. చాలా కంపెనీలు ఒక దేశంలో కొన్నదానికి ఇంకో దేశంలో వారంటీ ఇవ్వవు.